గ్రంథాలయం హాల్లో లాంగ్ టేబుల్: బల్ల, మైకు, నియమాల సంగతి

రంగవల్లి:
అమెరికన్ రంగస్థల కళాకారిణి లోయిస్ వీవర్ రూపొందించిన లాంగ్ టేబుల్‌ని, అంటే ఎవరైనా వచ్చి బల్ల దగ్గర కూర్చుని మాట్లాడే బహిరంగ చర్చని, మా గ్రంథాలయం హాల్లో పెడుతున్నాం. 40 మంది దాకా వస్తారు, ఒకరికొకరు తెలియనివాళ్లే. అంశం అద్దె ఇళ్లు. బల్ల ఎంత ఉండాలి? మైకులు కావాలా? ఎవరైనా ఉపన్యాసం అందుకుంటే ఎలా?

వీధిఅరుగు:
ఆరడుగుల మడత బల్లలు రెండు కలిపి, 12 కుర్చీలు వేయండి: పక్కకి 5, చివర్లలో ఒక్కోటి. మూడో బల్ల చేరిస్తే ఆ చివర మాట ఈ చివరకి వినపడదు. మిగతా కుర్చీలు చుట్టూ రెండు వరసలు, నాలుగు మూలలా దారి వదలాలి. దారి అడగాల్సి వస్తే చాలామంది లేవరు.

తోచింది రాయడానికి బల్ల మీద తెల్ల కాగితం రెండు పొరలు పరచండి, స్కెచ్ పెన్ సిరా కిందికి దిగుతుంది. అంచులు బల్ల కిందికి మడిచి టేపు వేయకపోతే ఫ్యాన్ గాలికి లేచిపోతాయి.

బల్ల దగ్గరున్నవాళ్లే మాట్లాడాలి. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, లేచి వెళ్లి మళ్లీ రావచ్చు. ఖాళీ లేకపోతే కూర్చున్నవాళ్ల భుజం తట్టాలి. మన దగ్గర పెద్దవాళ్ల భుజం, పరాయి ఆడవాళ్ల భుజం తట్టడానికి జంకుతారు కాబట్టి, కుర్చీ వెనక నిలబడితే చాలని మార్చుకోండి. ఈ నియమాలు అచ్చువేసి ప్రతి కుర్చీ ముందూ పెట్టండి.

నేపథ్యం:
చేతి మైకు వద్దేవద్దు. అది అందగానే లేచి నిలబడి "సభకు నమస్కారం" అంటారు. వేదిక, ముఖ్య అతిథి, పూలగుత్తి కూడా వద్దండీ.

అసలు పట్టు ప్రశ్నలో ఉంది. "అద్దెలు పెంచడం సబబేనా?" అంటే రెండు జట్లయి వాదించుకుంటారు. "ఇల్లు అడగడానికి వెళ్తే మొదట ఏమడుగుతారు?" అనండి. కులం, మాంసం, ఒంటరి ఆడవాళ్లు, అన్నీ వాటంతటవే బల్ల మీదికొస్తాయి. మొదట కూర్చోడానికి అద్దెకున్నవాళ్లు, ఇంటి ఓనరు, బ్రోకరు, హాస్టల్ విద్యార్థి, ఇలా నలుగురిని ముందే ఒప్పించండి.

రంగవల్లి:
మధ్యలో అందరూ మౌనంగా ఉండిపోతే?

వీధిఅరుగు:
ఉండనివ్వండి. నిర్వాహకులు కంగారుపడి మాట అందిస్తే, ఇక అందరూ వాళ్లకేసే చూస్తారు.

నలుగురిబల్ల:
నలభై మంది ముందు నోరు విప్పలేనివాళ్లు ఎక్కువుంటారనిపిస్తే పద్ధతే మార్చండి. 1987లో అమెరికాలోని మినియాపొలిస్‌లో కళాకారిణి సుజాన్ లేసీ చేసిన క్రిస్టల్ క్విల్ట్ అనే ప్రదర్శనలో 60 దాటిన 430 మంది స్త్రీలు బల్లకి నలుగురు చొప్పున కూర్చుని మాట్లాడుకున్నారు. నలుగురిలో ఒకరు దాక్కోలేరు, ఒకరే దున్నేయనూలేరు.

నేపథ్యం:
గంటన్నరకి ఆపేయండి, తీర్మానాలు చదవొద్దు. కాగితం ఫోటో తీసి బయట పెట్టే ముందు అందులో ఫోన్ నంబర్లు, ఓనర్ల పేర్లు ఉంటే కొట్టేయండి.