ఆడించడానికి డబ్బులా అంటున్నారు: మూడేళ్ల బాబుకి ప్లే థెరపీ

గాజువాక అమ్మ:
మా బాబుకి మూడేళ్లు నిండాయి. నడక ఇరవయ్యో నెలకి గానీ రాలేదు. ఇప్పటికీ మాటలు నాలుగైదే: అమ్మ, తాత, బస్సు... వినికిడి పరీక్ష చేయించాం, చెవులు బాగానే ఉన్నాయి. ఎదుగుదల ఆలస్యం అన్నారు డాక్టరుగారు. వారానికి రెండు గంటలు ప్లే థెరపీకి తీసుకెళ్తున్నాను. అక్కడ అమ్మాయి చాప మీద కూర్చుని వాడితో కార్లు తోస్తుంది, అంతే. నెల దాటింది. "ఆడించడానికి డబ్బులా? ఇంట్లో ఆడట్లేదా?" అంటున్నారు మా అత్తగారు. ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చేయించారా?

ఎంవీపీ కాలనీ, పాప తల్లి:
చెల్లీ, మా అమ్మా ఇదే మాట అంది. మా పాపకి ఇప్పుడు ఏడేళ్లు. మూడో ఏట మొదలుపెట్టాం. మొదటి రెండు నెలలు నేను బయట బెంచీ మీద ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. ఆ రోజులు పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధే. ఒకరోజు థెరపిస్టు లోపలికి పిలిచి, "ఏమీ నేర్పకండి, ప్రశ్నలు వేయకండి. పాప చేసిందే మీరూ చేయండి" అంది. పాప డబ్బా మూత తీస్తోంది, పెడుతోంది. నేనూ ఇంకో డబ్బా తీసుకుని అలాగే చేశాను. కాసేపటికి ఆగి నా మొహంలోకి చూసింది. అంతవరకు అది వస్తువులనే చూసేది, నన్ను కాదు.

ఆ వారమే ఏటికొప్పాక లక్కపిడతలు కొన్నాను. అన్నీ నోట్లో పెట్టుకునే వయసు కదా, మరీ చిన్నవి పక్కన తీసేశాను. రోజూ సాయంత్రం గుజ్జనగూళ్లు. ఖాళీ గిన్నెలో అన్నం ఉందనుకోవడం చిన్న విషయం కాదమ్మా. లేనిదాన్ని మనసులో నిలుపుకోవడం వస్తే, వస్తువు బదులు మాట వాడుకోవడానికి దారి పడుతుంది. గరిటె ఎత్తి ఆగేదాన్ని, మనసులో పది లెక్కపెట్టేదాన్ని. "చెప్పు, చెప్పు" అనడం పూర్తిగా మానేశాను. మూడో వారంలో "వెయ్" అంది. గరిటె పట్టుకునే ఏడ్చాను.

ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే తడి ఇసుక ముట్టుకునేది కాదు. బలవంతం చేయలేదు. ముందు చెంచాతో, తర్వాత ఒక్క వేలితో. చేయి మొత్తం పెట్టడానికి ఐదు నెలలు పట్టింది.

పెందుర్తి, స్పెషల్ ఎడ్యుకేటర్:
కింద కూర్చుని పిల్లాడి ఇష్టాన్ని పట్టుకుని ఆడే ఈ తరహా పద్ధతుల్లో ఫ్లోర్‌టైమ్ ఒకటి. అమెరికా మనోవైద్యుడు స్టాన్లీ గ్రీన్‌స్పాన్ రూపొందించారు. అయితే ఆట ఒక్కటే చాలదండీ. నడక ఆలస్యమైంది కాబట్టి ఫిజియోథెరపిస్టుకీ, మాట కోసం స్పీచ్ థెరపిస్టుకీ చూపించండి. స్పీచ్ థెరపిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఇలాంటి థెరపిస్టులను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, మొహమాటం వద్దు. ఈ నెల ఏ లక్ష్యంతో ఆడిస్తున్నారో కూడా అడగాలి. డబ్బు ఇబ్బందైతే అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడండి. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల వరకు పరీక్షలు, చికిత్స ఉచితం. వారానికి 168 గంటల్లో రెండే అక్కడ, మిగతా 166 మీ ఇంట్లోనే.

గాజువాక అమ్మ:
అక్కా, మేడమ్, ఇద్దరికీ నమస్కారాలు. ఈరోజు అత్తగారిని కూడా లోపలికి తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేరు. ఇంటికొచ్చాక బాబునీ, కారునీ తన మంచం మీదికి ఎక్కించుకున్నారు. వాడు తోస్తే ఆవిడ తోశారు. "బస్సు" అన్నాడు. "ఊఁ, బస్సే" అన్నారు.