'వరవిక్రయం': నాటకం లింగరాజుది, సినిమా కాళిందిదా?

ప్రశ్న (నల్లగొండ):
మా కళాశాల పూర్వ విద్యార్థులం ఈ దసరాకు కాళ్ళకూరి నారాయణరావు గారి 'వరవిక్రయం' ప్రదర్శించాలని అనుకుంటున్నాము. పిసినారి సింగరాజు లింగరాజు వేషం నాకు వచ్చింది. పుస్తకం చదివినప్పుడు నాటకమంతా ఆ లోభి చుట్టూనే తిరుగుతున్నట్టు తోచింది. కాని 1939లో చిత్తజల్లు పుల్లయ్య గారు తీసిన టాకీ చూసిన తరువాత, కట్నం పెళ్ళి ఇష్టంలేక ప్రాణం తీసుకున్న కాళింది తప్ప మరెవరూ మనసులో నిలవలేదు. సినిమావారు లింగరాజును తగ్గించారా, లేక నేనే నాటకాన్ని తప్పుగా చదివానా?

జవాబు (మహబూబ్‌నగర్):
తగ్గించలేదండీ. ఆ సినిమాలో లింగరాజు వేషం వేసినది బలిజేపల్లి లక్ష్మీకాంత కవి గారు, మాటలు కూడా ఆయనవే. 'సత్య హరిశ్చంద్రీయం' నాటకం రాసిన కవికి రంగస్థలం సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. మారినదల్లా ప్రేక్షకుడికీ పాత్రకూ మధ్య ఉన్న దూరమే. మైదానంలో ఆఖరి వరుసలో చాపమీద కూర్చున్నవాడికి కూడా పిసినారితనం కనబడాలంటే చేయీ గొంతూ పెద్దవి కావాలి, అందువల్ల రంగస్థలం లింగరాజుకు కలిసివస్తుంది. మైకు మెల్లని గొంతునైనా వదలదు. ఎవరి పాట వారే పాడుకొనే ఆ రోజులలో, ఇంకా చిన్నపిల్లే అయిన భానుమతి తన మొదటి చిత్రంలోనే కాళింది వేషం వేసి త్యాగరాజ కీర్తన 'పలుకవేమి నా దైవమా' పాడితే, ఎంత గొప్ప లోభి అయినా వెనక్కు తగ్గవలసిందే. (అదే భానుమతి 1956లో కాళ్ళకూరి వారి మరో నాటకం 'చింతామణి'లోని నాయికగానూ తెరమీదికి వచ్చింది.)

జవాబు (వనపర్తి):
మీరిద్దరూ కాళింది చెల్లెలు కమలను మరిచిపోయారు. అక్క పోయినా లింగరాజు పుచ్చుకున్న కట్నం తిరిగి ఇవ్వడు కనుక, లింగరాజు కొడుకైన ఆ పెళ్ళికొడుకునే చెల్లెలు చేసుకుంటుంది. చేసుకొని, సొమ్ము పోసి కొనుక్కున్న వరుడు మాకు చెందినవాడు గాని నేను అతనికి చెందినదాన్ని కానని అత్తవారింటికి వెళ్ళకుండా అడ్డం తిరుగుతుంది. పేరులోని 'విక్రయం' అనే మాటకు ఆమె నోటనే పూర్తి అర్థం వస్తుంది. సినిమాలో ఆ వేషం పుష్పవల్లిది.

మా తాతగారు ఊరి నాటకాలలో లింగరాజు వేసేవారు. రూపాయలు లెక్కపెట్టే చోట బొటనవేలితో ఒక్కొక్క నాణేన్నీ రుద్ది, చెవి దగ్గర మోగించి, ఎదుటివాడు చూస్తున్నాడేమోనని కళ్ళెత్తి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టేవారట. జనం నవ్వుతున్నంతసేపూ హార్మోనియం వాయించే ఆయన శ్రుతి పట్టి ఆగేవాడు. పద్యానికి 'వన్స్ మోర్' అంటే మళ్ళీ పాడవలసిందే. టాకీలో ఆ వెసులుబాటు లేదు, ఒకసారి ఫిల్ముకెక్కిన పద్యం నల్లగొండలోనైనా కలకత్తాలోనైనా అంతే నిడివి.

ప్రశ్న వేసినవారు:
నాణేల సంగతి మా అభ్యాసంలో పెట్టుకుంటాను. అయితే కమల ఎదురు తిరిగే ఘట్టంలో జనం నన్ను చూసి నవ్వాలా, ఆమె మాట వినాలా?

జవాబు (వనపర్తి):
ఆమె మాట వినాలి. అక్కడ మీరు చేతులు కదపకండి, డబ్బుసంచి మాత్రం వదలకండి.