టీచర్ ఉద్యోగం మానేసి పిల్లలతో ఇంట్లో ఉంటే, ఇల్లు కూడా బడి కావాలా?

లెక్కల టీచర్:
హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. రెండో బిడ్డ పుట్టాక మానేశాను. పెద్దమ్మాయికి నాలుగేళ్లు, చిన్నాడు ఇప్పుడిప్పుడే అడుగులు వేస్తున్నాడు. ఎవరు కలిసినా "టీచర్‌వి కదా, నీ పిల్లలకేం, ఇంట్లోనే అన్నీ నేర్పేస్తావు" అంటారు. లేదంటే "అంత అనుభవం ఉండి ఇంట్లో కూర్చున్నావా" అంటారు. రెండో మాట పడలేక చాలామంది మొదటిది నిజం చేసి చూపించాలని తాపత్రయపడతారు. గోడకు చార్టులు, పొద్దున అక్షరాలు, మధ్యాహ్నం అంకెలు. చిన్నపిల్లల విషయంలో ఇది తప్పని నా గట్టి నమ్మకం.

మొన్న మా అమ్మాయి వెడల్పాటి గిన్నెలో నీళ్లు సన్నటి పొడుగు గ్లాసులోకి వంపి "ఎక్కువైపోయాయి!" అంది. తిరిగి గిన్నెలో పోసి "అయ్యో, తగ్గాయి" అంది. రెండూ సమానమే అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బి.ఇడి.లో చదువుకున్నదే కదా: గిన్నె మారినా నీళ్లు మారవన్న సంగతి పిల్లలకు ఇంచుమించు ఏడేళ్లు వచ్చేదాకా సరిగా పట్టుబడదని, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే చెప్పారు. నేను చెబితే తను నా మాట అప్పజెబుతుంది, అంతే. ఊరుకున్నాను. తను మాత్రం ఒలికిన నీళ్లను అరచేత్తో గిన్నెలోకి తోస్తూ, మళ్లీ వంపుతూ చాలాసేపు అక్కడే ఉంది. పియాజే కూడా తన ముగ్గురు పిల్లల్నీ ఇంట్లో గమనిస్తూనే ఎన్నో సంగతులు పట్టుకున్నారు. మనకు ఇంట్లో దొరికిన అవకాశం అదే. బడిలో నలభైమంది మధ్య ఒక్క పిల్లని అంతసేపు చూసే తీరిక ఎక్కడిది?

ప్రైమరీ టీచర్:
మేడం, నేను ఒప్పుకోను. నేనూ మానేసి ఇంట్లోనే ఉన్నాను, టైంటేబుల్ పెట్టుకున్నాను, మంచే జరిగింది. తర్వాత ఏం చేయబోతున్నామో ముందే తెలిస్తే పిల్లలు మారాం తక్కువ చేస్తారు. ఒకటో తరగతి చెప్పినవాళ్లెవరికైనా ఇది అనుభవమే.

ఇంకోటి ఎవరూ చెప్పరు. బడిలో బెల్ కొడతారు. ఎంత అల్లరి క్లాసైనా పీరియడ్ అయిపోతుంది, స్టాఫ్ రూమ్‌లో ఐదు నిమిషాలు తోటివాళ్లతో మాట్లాడుకుంటాం. ఇంట్లో బెల్ లేదు, స్టాఫ్ రూమ్ లేదు. పొద్దస్తమానం ఒకటే పీరియడ్! "ఇది కథల టైమ్, ఇది ఆటల టైమ్" అని నేను గీసుకున్న గీతలు పిల్లల కంటే ముందు నాకు ఊపిరి ఇచ్చాయి. దాన్ని తప్పంటే ఎలా?

మళ్లీ బడిలో చేరిన టీచర్:
మీరిద్దరూ పిల్లల వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను అమ్మ వైపు నుంచి చెబుతాను. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ తేల్చింది ఏమిటంటే, ఒకే వృత్తిలో ఉన్నా ఆడా మగా సంపాదనల మధ్య తేడా చాలావరకు మొదటి బిడ్డ పుట్టినప్పటి నుంచే మొదలవుతుందని. నేను తిరిగి చేరినప్పుడు అది చేతికి తగిలింది. పాత సర్వీస్ లెక్కలోకి రాలేదు, కొత్తగా వచ్చినవాళ్ల జీతంతో మొదలుపెట్టాను. సిలబస్ కూడా మారిపోయింది.

మానేయొద్దని చెప్పడం లేదు. మానేసేముందే భర్తతో కూర్చుని, ఇంటికొచ్చే జీతంలోంచి నెలనెలా ఇంత మీ పేరున పొదుపు కావాలని తేల్చుకోండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సర్టిఫికెట్లు, సర్వీస్ కాగితాలు మానేసే రోజే తీసుకోండి. తర్వాత వెళ్తే తిప్పుతారు.

మానలేని వాళ్లకు ఒక మాట: మీరు పిల్లలకు అన్యాయం చేయడం లేదు. అమెరికాలో 1991లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. సంరక్షణ కేంద్రంలో ఉన్నారా, అమ్మ దగ్గరే ఉన్నారా అన్నదాని కంటే, ఇంటి వాతావరణం, తల్లిదండ్రులు పలకరించే తీరు ఎక్కువ ప్రభావం చూపాయని తేలింది.

లెక్కల టీచర్:
ప్రైమరీ టీచర్ గారూ, కథలకో వేళ, నిద్రకో వేళ ఉండాలంటే నాకేం అభ్యంతరం లేదు. నేను వద్దంటున్నది పరీక్ష పెట్టడం. "ఇదేం రంగు? ఇవెన్ని? చెప్పు చెప్పు" అని, మనకు జవాబు తెలిసిన ప్రశ్నలే రోజంతా అడుగుతాం. అది మన వృత్తి అలవాటు. అలా అడిగినప్పుడు మా అమ్మాయి ముందు నా మొహంలోకి చూస్తుంది, తర్వాతే జవాబు చెబుతుంది. "ఆ నీళ్లు ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?" అని నిజంగా తెలియనిది అడిగితే గిన్నె వైపే చూస్తూ ఆగకుండా మాట్లాడుతుంది.

పొదుపు సంగతి చెప్పినావిడకు ధన్యవాదాలు. ఈ నెల జీతం రాగానే ఇంట్లో మాట్లాడతాను. సర్వీస్ కాగితాల్లో ముఖ్యంగా ఏవేవి అడిగి తీసుకోవాలో కొంచెం వివరంగా రాస్తారా?