సెయిల్‌ఫిన్ టాంగ్ పక్కన కోత, ఒక కన్ను మసక: రాగి మందు పోయాలా?

నీలికెరటం (హైదరాబాద్):

నమస్కారం. మా ఇంట్లో 500 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు ఉంది. ఒక పౌడర్ బ్లూ టాంగ్ చేప, రెండు క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, కొన్ని మెత్తటి పగడాలు చాలాకాలంగా అందులో ఉన్నాయి. ఆదివారం ఒక చిన్న సెయిల్‌ఫిన్ టాంగ్‌ను తెచ్చి వదిలాను. ఈ ఉదయం చూస్తే దాని ఎడమ పక్కన, పొట్ట మీదుగా తోక వైపు గీత గీసినట్టు కోత. అంగుళానికి కొంచెం తక్కువ. పైచర్మం లేచిపోయి లేత గులాబీ రంగు కనిపిస్తోంది. ఎడమ కన్ను మీద తెల్లటి పొర, వీపు రెక్క అంచు చిరిగింది. రాళ్ల వెనక నక్కి ఉంటోంది. నోరి ఆకు (ఎండిన సముద్రపు నాచు) పెడితే మాత్రం వచ్చి కాస్త కొరికి వెళ్లింది.

నీటి సాంద్రత 1.025, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, అమ్మోనియా సున్నా. దుకాణంలో ఫొటో చూపిస్తే తెల్లమచ్చల వ్యాధి మొదలవుతోందన్నారు. రాగి మందు సీసా ఇచ్చి నేరుగా ట్యాంకులోనే పోయమన్నారు. సీసా మూత తీయడానికి నాకు చేయి రావడం లేదు. ఇది గాయమా, వ్యాధా?

గోదారిగట్టు (రాజమహేంద్రవరం):

మా గోల్డ్ ఫిష్‌లకు దెబ్బ తగిలితే గుప్పెడు కల్లుప్పు, చిటికెడు పసుపు వేస్తాం. నాలుగు రోజుల్లో మానిపోతుంది. ముందు అది చేసి చూడండి.

తీరవాసి (విశాఖపట్నం):

నీలికెరటం గారూ, ఆ సీసా మూత తీయకండి. రాగి మీ రొయ్యను చంపుతుంది, పగడాలను చంపుతుంది. రాళ్లలోకి, ఇసుకలోకి ఇంకిపోయి తర్వాత ఎప్పుడో మళ్లీ నీటిలోకి వస్తుంది. అన్నిటికీ మించి, రాగి పనిచేసేది తెల్లమచ్చల క్రిమి మీద, వెల్వెట్ అనే మరో వ్యాధి తెచ్చే క్రిమి మీద. కోతను అది మాన్పదు.

మీరు రాసినది చదివితే ఇది గాయమే. వ్యాధి చేప ఒంటి మీద ఒక పక్కను ఎంచుకుని రాదు. తెల్లమచ్చలైతే రెక్కల మీద, ఒంటి మీద ఉప్పురవ్వలు చల్లినట్టు అక్కడక్కడా కనిపిస్తాయి. వెల్వెట్ అయితే సన్నటి పొడి అద్దినట్టు ఉంటుంది, చేప ఎగశ్వాస పెడుతుంది. మీ చేపకు కోత, మసక కన్ను రెండూ ఎడమ వైపే ఉన్నాయి, రాత్రికి రాత్రి వచ్చాయి. రెండు కళ్లూ ఒకేసారి మసకబారితే నీటిని అనుమానించాలి, లేదా ఒళ్లంతా పాకిన బ్యాక్టీరియాను. ఒక్క కన్నే అయితే చాలాసార్లు అది దెబ్బే.

ఎవరు కొట్టారో కూడా గాయమే చెబుతోంది. టాంగ్ జాతి చేపలకు తోక మొదట్లో రెండు పక్కలా పదునైన ముల్లు ఉంటుంది. ఎదుటి చేప పక్కగా వెళ్లి తోక విసిరితే తిన్నటి గీతలా కోత పడుతుంది. కొరికిన గాయమైతే రెక్క అంచున చంద్రవంకలా ముక్క పోతుంది. రాతికి రాసుకున్నదైతే గరుకుగా, వెడల్పుగా ఉంటుంది. మీ ఇంట్లో పాత కాపు పౌడర్ బ్లూ. తన ఆకారంలోనే ఉన్న మరో టాంగ్ వస్తే అది ఊరుకోదు. కాబట్టి వైద్యం మొదలుపెట్టాల్సింది దానితో. దెబ్బలు తినే చోటే ఉంటే ఏ మందు పోసినా ప్రతి ఉదయం కొత్త కోత కనిపిస్తుంది.

గోదారిగట్టు గారూ, మీ సలహా మంచినీటి చేపలకు సంబంధించినది. సముద్రపు చేప కథ తలకిందులు. దాని రక్తంలో ఉప్పు చుట్టూ ఉన్న నీటిలో దాదాపు మూడో వంతే. అందుకే దాని ఒంట్లోని నీరు ఎప్పుడూ బయటికి పోతూ ఉంటుంది. అది సముద్రాన్ని తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి తోసి బతుకుతుంది. చర్మం తెగిందంటే ఆ కారడం ఇంకా పెరుగుతుంది. ఉప్పు పెంచితే దాని కష్టాన్ని పెంచినట్టే. పసుపు నీటిలో కరగదు, పొడి తేలుతూ మొప్పల్లో చేరుతుంది. దయచేసి ఉప్పునీటి ట్యాంకులో ఆ పని చేయవద్దు.

పగడపుతోట (చెన్నై):

గాయమే అన్నదాంట్లో నాకూ అనుమానం లేదు. కానీ నేనైతే ఈ రోజే చేపను వేరే ట్యాంకుకు మార్చి యాంటీబయాటిక్ మొదలుపెడతాను. తెగిన చర్మంలోకి బ్యాక్టీరియా చేరడానికి ఎంతోసేపు పట్టదు.

తీరవాసి (విశాఖపట్నం):

తోట గారూ, తిండి మానేసిన చేప అయితే, లేదా గాయం చుట్టూ ఎరుపు పాకుతుంటే నేనూ అదే చెప్పేదాన్ని. ఈ చేప నోరి తింటోంది. రాళ్ల సందుల్లో దాన్ని తరిమి పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర ఇంకా లేచిపోతుంది. ఆ పొరే దానికి మొదటి కాపలా. కొత్త చిన్న ట్యాంకులో యాంటీబయాటిక్ పోస్తే ఫిల్టర్‌లో అమ్మోనియాను తినే మంచి బ్యాక్టీరియా కూడా దెబ్బతినవచ్చు. అమ్మోనియా పెరిగితే మొప్పలు మండుతాయి. అవసరమైనప్పుడు ఆ కష్టం పడాలి, ముందే కొనితెచ్చుకోకూడదు.

అందుకని నా మాట: గాయపడినదాన్ని కదపకండి, కొట్టినదాన్ని పట్టుకోండి. రంధ్రాలున్న పారదర్శక యాక్రిలిక్ పెట్టెలో, అది హాయిగా తిరగగలిగేంత పెద్దదానిలో, పౌడర్ బ్లూను అదే ట్యాంకులో ఉంచండి. వలతో పట్టవద్దు, తోక ముల్లు వలలో చిక్కుకుని చేపకూ మీ చేతికీ దెబ్బ తగులుతుంది. ప్లాస్టిక్ డబ్బాతో నెమ్మదిగా మూలకు తోలి ఎత్తండి. అది పెట్టెలో ఉండగా రాళ్ల అమరిక మార్చండి. తన ఇలాకా అనుకున్న చోటు చెదిరితే దాని పట్టుదల తగ్గుతుంది.

సెయిల్‌ఫిన్‌కు లైటు తగ్గించండి, నోరి రోజంతా అందుబాటులో ఉంచండి. ఎయిర్ పంపు తప్పనిసరి. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. హైదరాబాద్ ఎండల్లో ట్యాంకు 30 డిగ్రీలు దాటడం తెలిసిందే. కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి.

వేరే ట్యాంకు మాత్రం ఈ రోజే సిద్ధం చేయండి. 80 లీటర్లు చాలు. ఇసుక, రాళ్లు వద్దు. దాక్కోవడానికి పీవీసీ గొట్టాలు, పాత ట్యాంకులో నానిన స్పాంజి ఫిల్టర్, హీటర్, అమ్మోనియా కిట్. కొత్త చేపను ముందు కొన్నాళ్లు వేరే ట్యాంకులో ఉంచి చూడలేదు కాబట్టి ఈ భయంలో దానికి తెల్లమచ్చలు బయటపడినా అదే పనికొస్తుంది. మీ రాగి సీసాకు చోటు అక్కడే.

నీలికెరటం (హైదరాబాద్):

ఇద్దరికీ ధన్యవాదాలు. పౌడర్ బ్లూ పెట్టెలో ఉంది. రెండు రోజులుగా సెయిల్‌ఫిన్ బయట తిరుగుతోంది, బాగా తింటోంది. కన్ను కొంచెం తేటపడింది. కానీ కోత అంచుల్లో బూడిద రంగు తెల్లటి పొర వచ్చింది. ఫంగస్ పట్టిందా?

తీరవాసి (విశాఖపట్నం):

భయపడకండి. సముద్రపు చేపల ఒంటి మీద అసలైన ఫంగస్ అరుదు. పలచగా, గాయానికి అంటుకుని ఉన్న పొర కొత్త చర్మం పరుచుకోవడమే. రంగు చివరికి వస్తుంది, కొన్నాళ్లు నల్లటి మచ్చ ఉండవచ్చు. రెక్క మొదలు బాగుంటే అంచు మళ్లీ పెరుగుతుంది.

రోజూ ఒకే వేళకు, ఒకే వైపు నుంచి ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. పొర కింద ఎరుపు పెరిగినా, కోత వెడల్పయి గుంట పడినా, తిండి మానేసినా ఆలస్యం చేయకండి. వేరే ట్యాంకుకు మార్చి, చేపల గురించి తెలిసిన పశువైద్యుడిని అడిగి యాంటీబయాటిక్ వేయండి. అప్పుడు తోట గారి మాటే నా మాట. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే తీసేయండి, అది మందును పీల్చేస్తుంది. అమ్మోనియా రోజూ కొలిచి నీరు మార్చండి. ఆ ట్యాంకులో పగడాలు, రొయ్యలు ఉండవు కాబట్టి సాంద్రతను ఒకటి రెండు రోజుల్లో 1.019 దాకా దించవచ్చు, చేపకు నీరు పట్టి ఉంచుకునే శ్రమ తగ్గుతుంది. తిరిగి పెంచేటప్పుడు ఇంకా నెమ్మదిగా పెంచాలి.

కోత పూర్తిగా మూసుకున్నాకే పౌడర్ బ్లూను వదలండి. మీరు ఇంట్లో ఉండే రోజున, లైట్లు ఆరే ముందు వదిలి, మర్నాడు ఉదయం దగ్గరుండి చూడండి. తోక తిప్పి పక్కగా నిలబడడం మొదలుపెడితే వెంటనే మళ్లీ పెట్టెలోకి. రెండోసారి కూడా అదే జరిగితే రెండింటిలో ఒకదానికి వేరే ఇల్లు చూడాల్సిందే.