వాన మొదలైతే వణికిపోయే పాపకు సండే స్కూల్లో ఎలా తోడుండాలి?

అందరికీ వందనాలు. విజయవాడ సింగ్ నగర్‌లో మా సంఘం సండే స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంటాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఇళ్లు మునిగాక కొందరు పిల్లలు ఇంకా తేరుకోలేదు. ముఖ్యంగా ఒక ఎనిమిదేళ్ల పాప. రేకుల మీద చినుకు పడితే చాలు, చెప్పులు చేత్తో పట్టుకుని మేడ మెట్లెక్కి నిలబడిపోతుంది. పిలిచినా పలకదు.

ప్రార్థన చేస్తున్నాం, మానేయం కూడా. కానీ "విశ్వాసం ఉంటే భయం ఉండదమ్మా" అని పెద్దవాళ్లు ఆ పాపతో అంటుంటే నా ప్రాణం విలవిల్లాడుతోంది. భయపడటం తప్పని ఆ పసిదానికి ఎందుకు అనిపించాలి? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయడానికి వాళ్లమ్మ ఒప్పుకుంది.

పిల్లల కౌన్సెలింగ్ తెలిసినవాళ్లు, ఇలాంటి పరిచర్యలో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. పాప అలా బిగుసుకుపోయినప్పుడు దగ్గరికి తీసుకోవాలా, పక్కన ఊరికే కూర్చోవాలా? బొమ్మలు వేయించడం, ఆడించడం వరకు మేం చేయగలం. ఏ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పంపాలి? వచ్చే నెల నోవహు ఓడ పాఠం, అంటే బైబిల్లోని జలప్రళయం కథ ఉంది. ఈ పిల్లలకు అది చెప్పొచ్చా, వాయిదా వేయాలా? మాలాంటి టీచర్లకు తెలుగులో శిక్షణ ఇచ్చేవాళ్లు దగ్గర్లో ఉంటే అదీ చెప్పండి.