‘మేటి’యా, ‘దిట్ట’యా: జార్జియా లైన్‌బ్యాకర్లను పోల్చే వాక్యం

పాలపిట్ట:
అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ను పరిచయం చేసే తెలుగు వ్యాసంలో ఒక పేరా దగ్గర సాయం కావాలి. 2021 సీజన్‌లో జార్జియా యూనివర్సిటీ జట్టులో లోపలి లైన్‌బ్యాకర్లు (డిఫెన్స్‌లో ముందు వరస వెనక, మధ్యలో నిలబడేవాళ్ళు) ముగ్గురు పేరు తెచ్చుకున్నారు: నకోబీ డీన్, క్వే వాకర్, చానింగ్ టిండాల్. ప్రస్తుతం రాసి ఉన్నది ఇది: “ముగ్గురిలో మేటి డీన్. అతనికి వాకర్ సరైన ఉజ్జీ. తలపండిన టిండాల్ టాకిల్ చేయడంలో చెయ్యి తిరిగినవాడు.” ఇందులో ఏవి నిలుస్తాయి, ఏవి మార్చాలి? లైన్‌బ్యాకర్‌కు తెలుగు మాట పెట్టడం మంచిదా?

నేరేడు:
ముందు ‘ఉజ్జీ’ తీసేయండి. ఉజ్జీ అంటే ఎదురుగా నిలబడి తలపడేవాడు. కుస్తీలో బరువూ బలమూ చూసి ఉజ్జీని ఎంచుతారు. ఆ వాక్యం చదివినవాళ్ళు వాకర్‌ను అవతలి జట్టులో వేసేస్తారు. ఒకే జట్టువాళ్ళకు “వాకర్ ఏమాత్రం తీసిపోడు” చాలు. ‘తలపండిన’ కూడా కుదరదు, టిండాల్ అప్పటికి కాలేజీలో నాలుగో ఏడాది కుర్రాడు. ‘చెయ్యి తిరిగిన’ అన్నది రాతకీ వంటకీ బొమ్మలకీ సరిపోతుంది. టాకిల్ అంటే భుజం ఆనించి, కాళ్ళ జోరుతో పడగొట్టడం.

అసలు సంగతి ‘మేటి’ దగ్గరుంది. మేటికీ దిట్టకీ ముందు వచ్చేది ‘లో’నే, కానీ ఆ ‘లో’ తగిలే మాట వేరు. “విలుకాళ్ళలో మేటి అర్జునుడు” అన్నప్పుడు ‘లో’ మనుషుల గుంపుకు తగిలింది, ఆ గుంపులోంచి ఒక్కణ్ణి పైకి తీసింది. “లెక్కల్లో దిట్ట” అన్నప్పుడు పనికి తగిలింది. దిట్టలు ఎంతమందైనా ఉండొచ్చు, ఒక్కొక్కరూ ఒక్కో పనిలో. “ముగ్గురూ మేటి ఆటగాళ్ళే” అని విశేషణంగా వాడితే అది మెచ్చుకోలు మాత్రమే, పోలిక లేదు. “ముగ్గురిలో మేటి డీన్” అంటే మాత్రం తీర్పు ఇచ్చినట్టే. ఏ తూకంతో ఇచ్చారో పక్కనే చెప్పాలి.

మల్లెమొగ్గ:
నేరేడు గారు చెప్పింది ఈ ముగ్గురి విషయంలో మరీ ముఖ్యం, ఎందుకంటే తూకం మారితే పేరు మారిపోతుంది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ లైన్‌బ్యాకర్‌కిచ్చే బట్కస్ అవార్డు డీన్‌కు వచ్చింది. మరుసటి ఏప్రిల్‌లో జరిగిన ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ లీగ్ జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమం) ఈ ముగ్గురిలో మొదట వెళ్ళింది వాకర్: గ్రీన్ బే జట్టు 22వ ఎంపికగా తీసుకుంది. డీన్ 83 దాకా ఆగాడు, టిండాల్ 102. డీన్ వెనకబడడానికి ఛాతీ కండరం గాయం మీద జట్లకున్న అనుమానాలూ, ఆరడుగులకు కాస్త తక్కువ ఎత్తూ కారణాలు. వాకర్ ఎత్తు దాదాపు ఆరడుగుల నాలుగంగుళాలు.

పట్టుల (టాకిల్‌ల) సంఖ్యతో తేల్చేద్దామనుకుంటే అది ఇంకా పెద్ద పొరపాటు. డీన్‌వి 72, మిగతా ఇద్దరివీ అరవై పైనే. ఈ తేడా ఏమీ చెప్పదు. లోపల ఉండే చోట్లు రెండే కాబట్టి ముగ్గురూ మార్చి మార్చి దిగేవారు. పైగా ఆ డిఫెన్స్ 15 మ్యాచ్‌లలో సగటున 10.2 పాయింట్లే ఇచ్చింది. ప్రత్యర్థి త్వరగా బంతి వదులుకుని పోతుంటే పట్టుకు అవకాశాలే తగ్గుతాయి. బలహీనమైన జట్టులో లైన్‌బ్యాకర్‌కు పట్టులు ఎక్కువ కనబడేది అందుకే. ముందు వరసలో జోర్డన్ డేవిస్ 340 పౌండ్ల పైచిలుకు మనిషి. అతన్ని ఆపడానికి ఇద్దరు కావాలి, దాంతో వెనకున్న లైన్‌బ్యాకర్ మీదికి వచ్చే బ్లాకర్ (అడ్డుకునేవాడు) ఒకడు తగ్గుతాడు. ఆ మేలు ముగ్గురికీ అందింది.

కాబట్టి దిట్టతోనే పోల్చండి. డీన్ పసిగట్టడంలో దిట్ట. లైన్‌బ్యాకర్ చూపు మామూలుగా ఎదుటి గార్డ్ (అవతలి ముందు వరసలో మధ్యకు దగ్గరగా ఉండేవాడు) మీద ఉంటుంది. గార్డ్ పక్కకు లాగితే పరుగు అటే అని, వెనక్కి లేచి నిలబడితే పాస్ (బంతి విసరడం) అని గుర్తు. కాలేజీ నిబంధన ప్రకారం పాస్ వేసేటప్పుడు కూడా లైన్‌వాళ్ళు మూడు గజాల దాకా ముందుకు పోవచ్చు (ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే). అందుకని గార్డ్ ముందుకు తోస్తుంటే పరుగనుకుని లైన్‌బ్యాకర్ ఉరుకుతాడు, బంతి అతని వెనక ఖాళీ అయిన చోటికి వెళ్తుంది. డీన్ ఈ మోసంలో చాలా తక్కువ పడేవాడు. 2021 అక్టోబర్ 30న ఫ్లోరిడా పాస్‌ను మధ్యలో అందుకుని 50 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేసింది చూడండి. (అతను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. మన పాఠకులు ఆ ముక్క వదలరు, తప్పక రాయండి.)

వాకర్ కమ్ముకోవడంలో దిట్ట: పొడుగు చేతులు, పక్క గీత దాకా పరుగు, టైట్ ఎండ్‌ను (పాస్‌లు కూడా అందుకునే భారీ ఆటగాణ్ణి) వెంటాడి కాయగల ఒళ్ళు. టిండాల్ దూకడంలో దిట్ట: 40 గజాలు 4.47 సెకన్లలో పరిగెత్తాడు, బ్లిట్జ్‌కు (పాస్ వేసేవాడి మీదికి అదనంగా ఉరికే దాడికి) పంపితే సూటిగా క్వార్టర్‌బ్యాక్ (పాస్ వేసే ఆటగాడు) మీదే. అతని శాక్‌లు (పాస్ వేసేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాలు) 5.5, డీన్‌వి 6.

పాలపిట్ట:
చాలా ఉపయోగపడింది. మల్లెమొగ్గ గారూ, మీరు ‘పట్టు’ అన్నారు. టాకిల్ అనేసి ఊరుకుంటే పోదా? ఆ 5.5లో అర ఏమిటో కూడా చెప్పండి.

మల్లెమొగ్గ:
ఇద్దరు కలిసి పడగొడితే శాక్‌ను చెరి సగం రాస్తారు. ‘ఐదున్నర’ అని రాయొచ్చు, కానీ ఈ వివరం ఒక్కసారైనా ఇవ్వాలి.

‘టాకిల్’ ఈ ఆటలో ఒక స్థానం పేరు కూడా. డేవిస్ ఆడేది నోస్ టాకిల్. “టాకిల్ టాకిల్ చేశాడు” అని రాసే గతి పట్టకూడదంటే స్థానానికి టాకిల్ ఉంచి, పనికి కబడ్డీలోని ‘పట్టు’ తెచ్చుకోవాలి. చదివేవాళ్ళకు చప్పున అర్థమవుతుంది. ఒక జాగ్రత్త: హోల్డింగ్ అనే ఫౌల్‌ను ‘పట్టుకోవడం’ అనకండి, రెండూ కలిసిపోతాయి. దాన్ని హోల్డింగ్‌గానే వదిలేయండి.

నేరేడు:
లైన్‌బ్యాకర్‌నూ అలాగే ఉంచండి. ‘గీత కాపరి’ అని అనువదిస్తే తప్పు. అక్కడి లైన్ మైదానం మీద గీత కాదు, ముందు నిలబడే భారీ ఆటగాళ్ళ వరస. ‘నడిమి కాపు’ వినడానికి బాగున్నా కాపు అనగానే కులం పేరే తోస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు “ముందు వరసకు నాలుగైదు గజాల వెనక కాపు కాసే లైన్‌బ్యాకర్” అని రాస్తే సరి.

పాలపిట్ట:
మార్చిన పేరా: “ముగ్గురూ మేటి లైన్‌బ్యాకర్లే. ఎత్తుగడను పసిగట్టడంలో డీన్ దిట్ట. మైదానాన్ని కమ్ముకోవడంలో వాకర్, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకడంలో టిండాల్ అతనికి ఏమాత్రం తీసిపోరు. బట్కస్ అవార్డు లెక్కన చూస్తే ముగ్గురిలో మేటి డీన్.”

నేరేడు:
రెండు, మూడు వాక్యాలను కలిపి చదివితే ‘తీసిపోరు’ దగ్గర అర్థం తారుమారవుతోంది: కమ్ముకోవడంలో డీనే ముందున్నట్టు, వాకర్ అతన్ని అందుకున్నట్టు వస్తోంది. అక్కడ అది తీసేసి “కమ్ముకోవడంలో వాకర్, దూకడంలో టిండాల్ దిట్టలు” అనండి. ఇక గజాల మాట. గజమూ యార్డూ రెండూ మూడడుగులే కాబట్టి లెక్క మార్చే పని లేదు. కానీ స్థలాల బేరంలో మనవాళ్ళు గజం అంటే చదరపు గజం. అందుకని “50 గజాలు” అని వదిలేయకుండా, మొదటిసారి “50 గజాల దూరం” అని రాయండి.