స్కిర్మియాన్ (స్పిన్‌ల చిన్న అయస్కాంత సుడి) కోసం చేస్తే వంకర చారలు వస్తున్నాయి, డీఎంఐ (పక్కపక్క స్పిన్‌లని మెలితిప్పే ప్రభావం) ఎక్కువైందా?

ప్రశ్న: మ్యూమ్యాక్స్3 అనే అయస్కాంత సిమ్యులేషన్ ప్రోగ్రామ్‌లో ప్లాటినం మీద 0.4 నానోమీటర్ల కోబాల్ట్ పొర. ఎంఎస్ (సంతృప్త అయస్కాంతీకరణ) 580 కిలోఆంపియర్/మీ, ఏ (పక్క స్పిన్‌లని ఒకే దిశలో ఉంచే బలం) 15 పికోజౌల్/మీ, కేయూ (స్పిన్‌లని పొరకి నిలువుగా ఉంచే బలం, కింద కే) 0.8 మెగాజౌల్/ఘ.మీ, డి (డీఎంఐ బలం) 4 మిల్లీజౌల్/చ.మీ. 4√(ఏ×కే)ని పై (π)తో భాగిస్తే డి హద్దు 4.4 వచ్చింది. డి దానికి లోపలే ఉంది కదా, మరి రిలాక్స్ చేస్తే (తక్కువ శక్తి స్థితికి దిగనిస్తే) పొర నిండా చారలెందుకు?

జవాబు 1: తేడా కే దగ్గరండీ. పలుచని పొరలో డీమ్యాగ్నెటైజేషన్ (పొర సొంత అయస్కాంత క్షేత్రం) వాటా తీసేయాలి: 0.8లో 0.21 పోతే 0.59. హద్దు 3.8కి దిగింది, మీ డి దాటేసింది. దాటాక డొమైన్ గోడ (ఎదురెదురు దిశల అయస్కాంత ప్రాంతాల మధ్య సరిహద్దు) శక్తి, అంటే 4√(ఏ×కే)లోంచి పై×డి తీసేస్తే మిగిలేది, రుణాత్మకం. గోడ పెరిగేకొద్దీ మొత్తం శక్తి తగ్గుతుంది, ఇక చారలు కాక ఏమొస్తాయి! డి 3 పెట్టి, నీల్ స్కిర్మియాన్‌తో (స్పిన్‌లు కేంద్రం నుంచి బయటికి వెళ్లే గీత వెంటే తిరిగే రకం) మొదలుపెట్టండి. గోడ వెడల్పు కొలత √(ఏ/కే) 5 నానోమీటర్లు, కాబట్టి సెల్ (లెక్క గడి) 1 నానోమీటర్ చాలు.

జవాబు 2: మొదటి స్థితిలో స్పిన్‌లు తిరిగే దిశ డి గుర్తుకి ఎదురైతే అది నిలవదు, అదీ చూసుకోండి. మాంగనీస్ సిలిసైడ్ లాంటి స్ఫటికానికైతే ప్రోగ్రామ్‌లో డిబల్క్ (Dbulk, స్ఫటికం లోపలి డీఎంఐ) వాడాలి, అక్కడ బ్లోఖ్ (Bloch) రకం, అంటే స్పిన్‌లు ఆ గీతకి అడ్డంగా తిరిగేది, వస్తుంది. మీకు డిఇండ్ (Dind, పొరల హద్దు దగ్గరి డీఎంఐ).

జవాబు 3: ల్యాబ్‌లో చేసేవాళ్లకి: కోబాల్ట్‌కి రెండువైపులా ప్లాటినమే వేస్తే పై, కింది డీఎంఐ చాలావరకు కొట్టుకుపోతుంది. ఒకవైపు ఇరిడియం వేయండి. కోబాల్ట్ మందం రెట్టింపైతే డి సుమారు సగం.